నర్సమ్మలకు గురువు కాగల ఆడపిల్లలు మన యిండ్లలోనే ఉన్నారు

ప్రతి సంవత్సరమును ప్లస్ టూ పరీక్షా ఫలితములు వెలువడిన పిదప మన సంఘమునకు విద్యార్థి సహాయము గోరుచు విజ్ఞప్తులు వచ్చుట పరిపాటి. వానిలో ఇంజనీరింగు చదువునకై వచ్చునవి అనేకము. వాణిజ్యశాస్త్రమునకు, కంప్యూటరు విద్యకు వచ్చునవి మరికొన్ని. నర్సింగు విద్యకై వచ్చునవి మిక్కిలి అరుదు. వచ్చినను దానిని తెచ్చిన తండ్రి స్వరము తగ్గించి, "వేరే దేనికిని మార్కులు చాలలేదండీ" అని సంజాయిషీ చెప్పుకొనును. కుమారునకు ఇంజనీరింగు సీటు దొరకినదని చెప్పు తండ్రి సంజాయిషీ చెప్పుకొనుట మేమెన్నడును వినియుండలేదు. ఈ వ్యత్యాసమును గూర్చియే నేడు కొన్ని మాటలు విన్నవింపదలచినాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. నర్సింగు అనునది ఇతర విద్యలు దొరకనివారికి మిగిలిన విద్య కాదు. అందును శిశుసంక్షేమమునందు, కుటుంబములకు ఆసరా నిచ్చు పనియందు అనుభవము గడించి, పిమ్మట ఇతరులకు బోధించు స్థానమునకు ఎదిగిన నర్సు ఒక జిల్లాకంతకును ఆస్తివంటిది. అట్టి గురువులను తయారుచేయుటకు తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఒక ప్రత్యేకమైన అనుకూలత గలదు. ఆ యనుకూలతను మన సమాజ మింతవరకు లెక్కలోనికి తీసికొనలేదు. తన కొట్టులోనున్న సరుకును తానే యెరుగని వర్తకునకు నష్టము తప్పునా?

నర్సు వేరు, నర్సులకు గురువు వేరు

నర్సు అనగానే మనకు స్ఫురించునది ఆసుపత్రిలో సూదిమందు వేయునామె, రోగి మంచము ప్రక్కన రాత్రియంతయు మేలుకొని యుండునామె. ఆ సేవ గొప్పదే. కాని దానికి ఆవల మరియొక మార్గము గలదు. జీవశాస్త్రముతో కూడిన విభాగమున ప్లస్ టూ ఉత్తీర్ణురాలైన బాలిక 4 సంవత్సరములు చదివి బి.ఎస్సి. నర్సింగు పట్టము పొందును. కనీస మొక సంవత్సరము పనిచేసిన పిదప 2 సంవత్సరముల ఎం.ఎస్సి. చదువవచ్చును. అందు శిశు ఆరోగ్యము ఒక శాఖ. సామాజిక ఆరోగ్యము మరియొక శాఖ. తరువాత కళాశాలలో బోధకురాలు కావచ్చును. పరిశోధన చేసి డాక్టరేటు పొందవచ్చును.

ఇట్టి బోధకురాలు నల్లబల్ల ముందు మాత్రమే నిలుచునామె కాదు. విద్యార్థినులను వెంటబెట్టుకొని పల్లెలకు పోవును. పరుల యింట నెట్లు అడుగిడవలెనో, ముందుగ నెవరిని పలుకరింపవలెనో, బిడ్డను ముట్టుకొనుటకు పూర్వము చేతులెట్లు కడుగుకొనవలెనో చూపించును. బిడ్డను తూచును, తల్లి కనురెప్ప లోపలి ఎరుపు చూచి రక్తహీనతను అనుమానించును. అంతటితో ఆగదు. ఆ యింట అన్నము వడ్డించునదెవరు, ఎవరికి కడపట మిగులును, తండ్రి కూలి డబ్బు ఇల్లు చేరుచున్నదా, పసిబిడ్డను చూచుకొనుటకై పెద్దపిల్ల బడి మానినదా అను విషయములను నొప్పింపకుండ తెలిసికొనును. బిడ్డ బరువు తగ్గుటకు కారణము బిడ్డయందే యుండనక్కరలేదు. తండ్రి అప్పునందుండవచ్చును, తల్లి దిగులునందుండవచ్చును. బిడ్డకు మందిచ్చి కుటుంబమును వదలివేసినచో మరల మూడు నెలలకు ఆ బిడ్డయే ఆసుపత్రికి వచ్చును. శిశుసంక్షేమమును, కుటుంబమునకు ఆసరాను విడదీయరాదని ఈ విద్య నేర్పునది ఇందువలననే.

ఇక లెక్క చూతము. ఒక నర్సు తన జీవితకాలమున కొన్ని వేల మందికి సేవ చేయును. ఏటేట 40 మందికి పాఠము చెప్పు గురువు 25 సంవత్సరములలో 1,000 మంది నర్సులను తయారుచేయును. మైదాన ప్రాంతములలో 5,000 మంది జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్ర ముండవలెనని ప్రభుత్వ నియమము. ఆమె శిష్యురాండ్రలో పదవవంతు మాత్రమే ఉపకేంద్రములలో కుదురుకొన్నను 5 లక్షల జనుల గడపలలో ఆ గురువు నేర్పిన పద్ధతి నడయాడును. పెట్టుబడి ఒక బాలిక చదువు, ప్రతిఫలము ఇంత. ఇంతకు మించిన లాభసాటి బేరము మా యెరుకలో లేదు.

మన పొరుగున నడచిన చరిత్ర

ఈ విద్య మనకు దూరదేశపు వింత కాదు. నర్సులకు శిక్షణ నిచ్చు పాఠశాల 1871లోనే మదరాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రియందు వెలసినది. తిరువళ్ళూరు నుండి రైలులో గంటన్నరలోపు దూరమది. మరొక వైపున వేలూరు గలదు. రాణిపేటలో 1870లో జన్మించిన ఐడా స్కడర్ యువతిగా నున్నప్పుడు ఒకే రాత్రి మూడు ఇండ్లవారు ప్రసవ వేదన పడుచున్న స్త్రీలకై సహాయము కోరి వచ్చిరి. ఆమె తండ్రి వైద్యుడే. కాని పురుషుని లోనికి రానీయుటకు ఆ యిండ్లవారు సమ్మతింపలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి వైద్యవిద్య నభ్యసించి తిరిగివచ్చి, 1902లో వేలూరున ఆసుపత్రి తెరచినది.

ఈ కథ అనేకులెరిగినదే. అనేకులు గమనింపని దొకటి గలదు. ఆ మహాతల్లి స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టినది 1918లో. నర్సులకు శిక్షణ ప్రారంభించినది అంతకు 9 సంవత్సరములు ముందుగ, 1909లో. ఆమె దృష్టిలో ఏది ముందు అవసరమో ఈ రెండు తేదీలే చెప్పుచున్నవి. డాక్టరు రోగిని కొద్ది నిమిషములు చూచును. తక్కిన దినమంతయు రోగి నర్సు చేతిలోనిదే. 1946లో వేలూరునందును, ఢిల్లీయందును నర్సింగులో బి.ఎస్సి. పట్టపు విద్య ప్రారంభమైనది. నర్సుకు విశ్వవిద్యాలయ పట్టము ఆవశ్యకమని ఈ దేశము అంగీకరించినది ఆనాడే. తిరుత్తణిలో రైలెక్కి అరక్కోణము, కాట్పాడిల మీదుగ పోయిన అదే వేలూరు. ఆ త్రోవలో మన సరుకులు ఎన్నియో దశాబ్దములుగ పోవుచున్నవి. మన ఆడపిల్లలు మాత్రము ఎందరు పోయిరో వేళ్ళపై లెక్కింపవచ్చును.

ఇక మన తెలుగు ఆడుబిడ్డ దుర్గాబాయి దేశముఖ్ గారి మాట. ఆమె నర్సు కాదు, న్యాయవాది. అయినను నర్సులకు నిలువనీడ కల్పించిన వారిలో ఆమెది పెద్దచేయి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, బాల్యవివాహమునకు లోనై, ఆ బంధము వదలి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, పిదప చదువు ముగించి లా పట్టము పొందిరి. 1937లో మదరాసునందు ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. ఆడవారికి మెట్రిక్యులేషను పాఠములతో మొదలైన ఆ సభ ఆసుపత్రులను, నర్సుల శిక్షణను, అంగవైకల్యము గల బిడ్డల చికిత్సా కేంద్రమును నడుపు సంస్థగా పెరిగినది. పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగువారు తమ భాష పేరిట స్థాపించుకొన్న సంస్థ అన్ని భాషలవారి బిడ్డలకును ఆశ్రయమగుట ఎట్లో చూపిన నిదర్శనమది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలైరి. ఆ మండలి తరువాతి సంవత్సరమునుండి పల్లెలలో నెలకొల్పిన సంక్షేమ పథకములలో బాలవాడి, ప్రసూతి సహాయము, స్త్రీలకు చేతిపని ఒకచోటనే ఉండెను. బిడ్డ వేరు, తల్లి వేరు, కుటుంబము వేరు అని వారు భావింపలేదు. అదే 1953లో చైనా దేశమునకు పోయినప్పుడు కుటుంబ న్యాయస్థానములను చూచి, మన దేశమునందును అవి వెలయవలెనని న్యాయకోవిదులతో చర్చించిరి. 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. అప్పటికి ఆమె గతించి 3 సంవత్సరములైనది. నాటినవారే ఫలము తినవలెనను నియమము లేదు.

ఇతర దేశముల అనుభవము

నర్సు ఇంటికి పోయి తల్లికి తోడుగ నిలుచుటవలన నిజముగ ప్రయోజనమున్నదా అని కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. న్యూజీలాండునందు 1907లో ప్లంకెట్ సంఘము ఈ పనికే పుట్టినది. అమెరికాలోని ఎల్మైరా అను పట్టణమున 1977 ప్రాంతమున డేవిడ్ ఓల్డ్స్ అను పండితుడు ఒక పరీక్ష మొదలిడెను. తొలిచూలు గర్భిణులలో కొందరి యిండ్లకు నర్సులు పోయి, బిడ్డకు రెండేండ్లు నిండువరకు తల్లికి తోడ్పడిరి. 15 సంవత్సరముల పిదప చూడగా, ఆ కుటుంబములలో బిడ్డలను హింసించిన, నిర్లక్ష్యము చేసిన ఫిర్యాదులు తక్కినవారిలోకంటె దాదాపు సగము తగ్గియుండెను. అయితే భార్యాభర్తల నడుమ హింస మిక్కుటముగ నున్న యిండ్లలో ఆ మేలు కానరాలేదు. ఇంగ్లండులో అట్టి పథకమునే పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితములలో, బిడ్డకు రెండేండ్లు వచ్చుసరికి చెప్పుకోదగిన అదనపు లాభము కనబడలేదు. అచ్చట మంత్రసానులు, ఆరోగ్య సందర్శకురాండ్రు అందరికిని ముందే అందుబాటులో నుండుట ఇందుకొక కారణమని అనేకులు తలచిరి.

దీనినిబట్టి మేము గ్రహించిన దేమనగా: నర్సు రాక మంత్రము కాదు, సహాయము తక్కువగనున్న చోటనే దాని విలువ హెచ్చు. మహారాష్ట్రములోని గడ్చిరోలియందు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ నిచ్చి నవజాత శిశువులను ఇంటివద్దనే కనిపెట్టి చూచు పద్ధతి నడిపిరి. అందువలన నవజాత శిశుమరణములు 62 శాతము తగ్గినవని 1999లో వెల్లడియైనది. 2011లో భారత ప్రభుత్వ మా మార్గమును దేశమంతటికి స్వీకరించినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి చూడవలెను. ఆ కార్యకర్తకు నేర్పవలసినదెవరు? ఆమె తప్పుచేసిన దిద్దవలసినదెవరు? గురువు లేని విద్య గాలిలో దీపము.

బాలింత గదిలోని భాష

ఇప్పుడు మన ప్రాంతపు ప్రత్యేకతకు వత్తము. పటాస్కరు గారి తీర్పు ననుసరించి చేసిన 1959 నాటి చట్టమువలన 1960 ఏప్రిల్ 1వ తేదీని తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో నేడది భాగము. సరిహద్దురాయి కదలినది గాని వియ్యములు కదలలేదు. నగరి, పుత్తూరు, నాగలాపురముల నుండి కోడండ్రు తిరుత్తణికి, పళ్ళిపట్టుకు, ఊత్తుక్కోటకు నేటికిని వచ్చుచున్నారు. వచ్చిన కోడలు తెలుగు బడిలో చదివిన పిల్ల. ఆమె చేతికిచ్చు తల్లీబిడ్డల కార్డు తమిళమున ముద్రించినది. అత్తగారు తమిళము మాటలాడును గాని చదువలేరు. తొలిచూలుకు పుట్టింటికి పోవును. గర్భిణిగా నమోదైనది ఒక రాష్ట్రమున, పురుడు మరొక రాష్ట్రమున. బిడ్డకు వేసిన టీకా ఏది, వేయవలసినదేది అను విషయము రెండు రాష్ట్రముల దస్త్రముల నడుమ జారిపోవుట కవకాశమున్నది. దీనికి ఎవరిని నిందించియు ప్రయోజనము లేదు. రెండు భాషలు చదువగల నర్సమ్మ ఒకతె ఉండిన చాలును.

భాష యనగా చదువు వ్రాత మాత్రమే కాదు. బాలింత గదిలో ఒక ప్రత్యేక భాష గలదు. ముర్రుపాలు, ఉగ్గు, పథ్యము, వసకొమ్ము, దిష్టి: ఈ మాటలలో మన అవ్వల వైద్యమంతయు ఇమిడియున్నది. అందులో మేలున్నది, కీడున్నది. తొలినాటి ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డకు చక్కెరనీళ్ళు పోయుట కీడు. వీధిలో పాడి గాడిదను తోలుకొనివచ్చువాని వద్ద ఉగ్గుగిన్నెడు పాలు కొని పసికందు నోట పోయుట కీడు. ముక్కులోను చెవిలోను నూనె పోయుట, బాలింతకు దాహము తీర నీళ్ళీయకుండుట కీడు. ఇక బిడ్డ చెక్కిలిపై కాటుకచుక్క పెట్టి దిష్టి తీసినందువలన ఎవరికిని నష్టము లేదు. ఒంటికి వెచ్చదనముండునట్లు తల్లికిని బిడ్డకును గుడ్డ చుట్టుట మేలు.

పరభాషలో పుస్తకము చదివి వచ్చిన నర్సు ఈ యాచారము లన్నిటిని ఒకే గాట కట్టి "మూఢనమ్మకము" అని విసుగుకొనిన, అవ్వ తలయూపి, ఆమె గడప దాటగానే తన పని తాను చేసికొనును. మన యింట పెరిగిన పిల్ల అట్లు చేయదు. "అవ్వా, ఆవు ఈనిన నాడు జున్నుపాలు దూడకు త్రాపుదుము గదా! మన బిడ్డకు మాత్రమేల కూడదు?" అని యడుగును. ఆ ప్రశ్నకు అవ్వ వద్ద ప్రత్యుత్తరము లేదు. పుట్టిన గంటలోపుననే తల్లిపాలు పట్టవలెనని, 6 నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేదియు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు మాట ఆ విధముగ గడప దాటి లోనికి పోవును. హానిలేని ఆచారమును గౌరవించి, హానికరమైన దానినే మాన్పించు నేర్పు ఇది. ఆ పిల్లయే ప్రక్కవీధిలోని తమిళ కుటుంబమునకు పోయినప్పుడు ముర్రుపాలను "శీంబాల్" అని, వసకొమ్మును "వశంబు" అని చక్కగ చెప్పగలదు. ఇంట తెలుగు, బడిలో తమిళము, పాఠ్యగ్రంథములలో ఇంగ్లీషు: మూడును ఆమెకు వశము. రెండు భాషల నడుమ బ్రతుకుటను మన మొక కష్టముగనే తలచుచున్నాము. ఈ వృత్తియందు అదియే మూలధనము. ఇదియే మేము మొదట చెప్పిన అనుకూలత.

వినవచ్చు ఆక్షేపణలు

మన పెద్దలు చెప్పు అభ్యంతరములు మే మెరుగనివి కావు. రాత్రి డ్యూటీలు, పరుల దేహములను తాకవలసి వచ్చుట, సంబంధములు కుదరవను భయము: ఇవి ముఖ్యమైనవి. రాత్రి డ్యూటీ ఉన్న మాట నిజమే. పసిబిడ్డకు జ్వరము పగలే వచ్చునా? మన బిడ్డకు అర్ధరాత్రి ఆయాసము వచ్చినప్పుడు ఎవరి కూతురో మేలుకొనియుండవలెను గాని మన కూతురు మేలుకొనరాదనుట న్యాయము కాదు. తాకుట విషయమున, తన తల్లికి కాన్పు చేసినవారు తాకకయే చేసిరా అని ప్రశ్నించుకొనిన చాలును. సంబంధముల మాటకు వచ్చిన, ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మకు చేతులు జోడించి, పెండ్లిచూపుల వేళ ఆ వృత్తినే తప్పుపట్టుట మన నాలుకకే శోభ నియ్యదు.

కొన్ని అభ్యంతరములు మాత్రము బలమైనవి. ప్రైవేటు ఆసుపత్రులు అనేకము నర్సులకిచ్చు జీతము చదువునకైన వ్యయమునకు తగియుండదు. ఇది సత్యము. ఇందువలననే పిల్లను మొదటి మెట్టుమీద నిలిపివేయక, పై చదువునకు, బోధనకు పంపుట మేలని మేము చెప్పుచున్నాము. రెండవది, పేరునకు మాత్రమే కళాశాలలు కొన్ని గలవు. ఆసుపత్రి లేని చోట నర్సింగు నేర్పుట నీరు లేని చోట ఈత నేర్పుటయే. భారత నర్సింగు మండలి, తమిళనాడు నర్సుల మండలి గుర్తింపు, డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయపు అనుబంధము, విద్యార్థినులు పనిచేయు ఆసుపత్రిలో పడకల సంఖ్య: ఈ నాలుగింటిని విచారించిన పిదపనే డబ్బు కట్టవలెను. బియ్యపు మూట కొనునప్పుడు గుప్పెడు తీసి చూచు మనము, బిడ్డ చదువు కొనునప్పుడు కన్నులు మూసికొనరాదు.

తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామి కోనేట రోగము కరుగవలెనని బెల్లము వేయుదుము. వేయవలెను, అది మన తాతలనాటి విశ్వాసము. స్వామికి వైద్యుడను పేరు పెట్టి కొలుచు ఊరిలో రోగికి పరిచర్య చేయు విద్య చిన్నదెట్లగును?

దిక్కులేని బిడ్డల మాట

శిశుసంక్షేమ మనగా మన యింటి బిడ్డల బరువు తూచుట మాత్రమే కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును శిశుసంక్షేమ సమితి యుండవలెను. అందు అధ్యక్షుడు గాక నలుగురు సభ్యులు; వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. వదలివేయబడిన బిడ్డ, ఇంట హింసకు లోనైన బిడ్డ, బడి మాని పనిలో చిక్కిన బిడ్డ ఎచ్చట నుండవలెనో, ఎవరి వద్దకు పోవలెనో ఆ సమితి నిర్ణయించును. ఆరోగ్యము, విద్య మొదలగు నిర్దేశిత శాఖలలో పట్టముండి, బిడ్డల ఆరోగ్య, విద్యా, సంక్షేమ కార్యములలో 7 సంవత్సరముల అనుభవము గలవారు సభ్యత్వమునకు అర్హులు. శిశు ఆరోగ్యమును బోధించు నర్సింగు గురువునకు ఆ పీఠము అందరానిది కాదు. తెలుగు మాత్రమే తెలిసిన బిడ్డ ఎవరైనను ఆ సమితి ముందు నిలిచినప్పుడు, దాని మాట దాని భాషలోనే వినగలవారు అచ్చట నుండుట ఎంత మేలో చెప్పనక్కరలేదు.

మన జిల్లాలో ఇటుక బట్టీలున్నవి. ఒడిశానుండి వచ్చిన కుటుంబములు బిడ్డలతో సహా ఆ బట్టీల ప్రక్క గుడిసెలలో కాపురముండుట మనమందరము దారిన పోవుచు చూచుచున్నదే. ఆ బిడ్డలకు తెలుగును రాదు, తమిళమును రాదు. భాష తెలియని చోట తల్లికి బిడ్డ జబ్బు చెప్పుకొనుట ఎంత కష్టమో అందరికంటె మనకు తెలియవలెను. అల్పసంఖ్యాకుల సంఘమని పేరు పెట్టుకొన్నవారము మన హక్కులు మాత్రమే చూచుకొని, మనకంటె నిస్సహాయులను చూడక పోయిన ఆ పేరునకు అర్థము లేదు. అట్టి బిడ్డ ఆపదలో నున్నట్లు కంటబడిన 1098 సంఖ్యకు ఫోను చేయుట ఎవరైనను చేయదగిన పని. ఆ పైపని తెలిసినవారిని తయారుచేయుట సంఘము చేయదగిన పని.

సంఘము చేయదగినది

మేము నాలుగు సూచనలు మీ ముందుంచుచున్నాము.

మొదటిది: మన విద్యానిధిలో మూడింట ఒక వంతు ఇకమీదట నర్సింగు చదువు బాలికలకు ప్రత్యేకింపవలెను. మార్కులు చాలనివారికి దయతో నిచ్చునట్లు గాక, జీవశాస్త్రమున మంచి మార్కులు వచ్చినవారిని మనమే పిలిచి యియ్యవలెను.

రెండవది: బి.ఎస్సి. ముగించి కొంతకాలము పనిచేసిన పిదప, శిశు ఆరోగ్యముగాని సామాజిక ఆరోగ్యముగాని ఎం.ఎస్సి. చదువదలచిన ఆడపిల్లకు, ఆమె వివాహితయైనను కాకపోయినను, పూర్తి రుసుము ఇయ్యవలెను. సాధారణముగ మన సహాయము మొదటి పట్టముతో ఆగిపోవును. పిల్ల చదువు కూడ అచ్చటనే ఆగిపోవును. గురువులు పుట్టునది ఆ తరువాతి మెట్టుననే. ఇందుకు ప్రతిగా బాండు వ్రాయించుకొనుట మాకు సమ్మతము కాదు. ఏడాదికి రెండుమారులు మన కల్యాణమంటపమున తల్లులకు తెలుగున నాలుగు మంచిమాటలు చెప్పిపోయిన చాలును.

మూడవది: బాలింత, పసిబిడ్డల సంరక్షణను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చు వేయింపవలెను. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో తమిళము. టీకాల పట్టిక, ప్రమాద సూచనలు, ఎవరికి ఫోను చేయవలెనను వివరము అందుండవలెను. దానిని తెలిసిన నర్సులచేతనే వ్రాయింపవలెను. మనబోటి వర్తకులు కాగితము, అచ్చుకూలి భరించి ఊరకుండుట మేలు.

నాల్గవది: సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో జన్మించిరని మనము గర్వించుచున్నాము. వారి జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయులకు శాలువలు కప్పుచున్నాము. ఇకమీదట ప్రతి సంవత్సరమును ఆ సభలో నర్సింగు బోధించు గురువు నొకరిని, గ్రామ ఆరోగ్య నర్సు నొకరిని వేదికపై కూర్చుండబెట్టవలెను. వారు ఏ భాషవారైనను సరియే. మన ఆడపిల్లలు ఆ సభలో ముందు వరుసలో కూర్చుండి చూడవలెను. చూచినదానినే పిల్లలు కోరుకొందురు.

ఈ సూచనలపై భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఇంజనీరింగు విద్యార్థులకు అన్యాయమగునని కొంద రనవచ్చును. వారికి బ్యాంకులు ఋణ మిచ్చుటకు ముందుకు వచ్చుచున్నవి. నర్సింగు పిల్లకు మొదట కావలసినది తండ్రి అనుమతి, తరువాత సంఘము మద్దతు. ఆ రెండును ఏ బ్యాంకును ఇయ్యజాలదు. సభ్యులు తమ యభిప్రాయములను సంఘ కార్యదర్శికి వ్రాసి పంపుదురు గాక. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చునట్లు మేము కోరుదుము.

సోదరీసోదరులారా! వచ్చే ఏడు ఫలితములు వెలువడినప్పుడు నర్సింగు విజ్ఞప్తితో వచ్చు తండ్రి స్వరము తగ్గింపనక్కరలేని స్థితిని మనము కల్పింపవలెను. "మా అమ్మాయి నర్సింగు చదువును, పిదప నర్సులకు పాఠము చెప్పును" అని ఆయన తల యెత్తి పలికిన నాడు, ఆ మాట విన్న మరి నలుగురు తండ్రులు తమ బిడ్డలను పంపుదురు. మన పూర్వు లీ ప్రాంతమున చెరువులు త్రవ్వించిరి, సత్రములు కట్టించిరి. ఆ చెరువుల నీరు ఏ భాషవారు త్రాగిరని వారు లెక్కింపలేదు. మన కాలమునకు తగిన చెరువు ఇట్టి విద్యయే. పూనుకొందము.